ఊపిరాడని మనిషికి పాలసీలో చోటెక్కడ?

2023 ఆగస్టులో జాతీయ వైద్య కమిషన్ మెడికల్ కాలేజీలకు కొత్త కనీస ప్రమాణాలు ఇచ్చింది. ఎంబీబీఎస్ కాలేజీలో తప్పనిసరిగా ఉండాల్సిన విభాగాల జాబితాలోంచి శ్వాసకోశ వైద్యం, ఎమర్జెన్సీ మెడిసిన్ తప్పుకున్నాయి. ఛాతీ వైద్యుల సంఘాలు ఇది తగదని కేంద్రానికి మొరపెట్టుకున్నాయి. తిరుపతిలో ఉండేవాళ్లకు ఈ నిర్ణయం అంత తేలిగ్గా మింగుడు పడదు. 2021 మే 10 రాత్రి రుయా ఆస్పత్రిలో ఆక్సిజన్ ప్రెషర్ పడిపోయి, అధికారిక లెక్క ప్రకారమే 11 మంది చనిపోయారు. తమిళనాడు నుంచి రావాల్సిన ట్యాంకర్ ఆలస్యమైంది. సరఫరాకు అంతరాయం కలిగింది కొద్ది నిమిషాలే అని అప్పట్లో అధికారులు చెప్పారు. ఆ కొద్ది నిమిషాలు ఎంత విలువైనవో ఈ ఊరు కళ్లారా చూసింది. అది జరిగి రెండేళ్లు తిరగ్గానే, ఊపిరితిత్తుల విభాగం లేకపోయినా కాలేజీ నడపొచ్చని ఢిల్లీలో తేల్చేశారు.

ఇదే కాలంలో కేంద్రం రెండో చేత్తో చేసిన పని కూడా చెప్పుకోవాలి. 2021 అక్టోబరులో 64,180 కోట్లతో ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య మౌలిక సదుపాయాల మిషన్ మొదలైంది. 602 జిల్లాల్లో క్రిటికల్ కేర్ బ్లాకులు కట్టాలన్నది అందులో ముఖ్యమైన భాగం. కోవిడ్ రెండో వేవ్‌లో వెంటిలేటర్లు వచ్చాయి, ఆస్పత్రుల ఆవరణల్లోనే ఆక్సిజన్ తయారు చేసే ప్లాంట్లు వచ్చాయి. ఇవన్నీ కావాల్సినవే. కానీ బ్లాకు కట్టాక అందులో రాత్రి డ్యూటీలో ఎవరుంటారన్నదే నా ప్రశ్న. ఒకవైపు క్రిటికల్ కేర్ పడకలు పెంచుతూ, ఇంకోవైపు ఆ పడకల దగ్గర నిలబడాల్సిన వాళ్లను తయారుచేసే విభాగాన్ని ఐచ్ఛికం చేయడం ఏ లెక్కనా పొసగదు.

బయటివాళ్లకు ఐసీయూ అంటే వెంటిలేటరే. ఛాతీ వైద్యులకు మాత్రం రోగిని వెంటిలేటర్ దాకా పోనివ్వకుండా ఆపడమే అసలు పని. ఒక సీఓపీడీ (గాలి గొట్టాలు ఇరుకైపోయే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) రోగిని అర్ధరాత్రి దాటాక ఆయాసంతో తీసుకొస్తారనుకుందాం. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోయి మనిషి మగతలో ఉంటాడు. గొంతులో గొట్టం వేయకుండా, ముఖానికి మాస్క్ బిగించి, ఒత్తిడితో గాలి పంపే బైపాప్ మిషన్ పెడితే ఇలాంటివాళ్లు చాలామంది గట్టెక్కుతారు. అయితే మిషన్ ఆన్ చేసి పక్క వార్డుకు వెళ్లిపోతే కుదరదు. మాస్క్ అంచుల్లోంచి గాలి లీకవుతుంటే పట్టీలు సర్దాలి. ఊపిరి ఆడట్లేదని రోగి దాన్ని పీకేస్తుంటే పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని నచ్చజెప్పాలి. గంటా రెండు గంటలకు మణికట్టు దగ్గర ధమనిలోంచి రక్తం తీసి బ్లడ్ గ్యాస్ చూడాలి, దాన్నిబట్టి ప్రెషర్ మార్చాలి. ఆక్సిజన్ కూడా ఎంత ఎక్కువైతే అంత మంచిదనుకోవడానికి లేదు. ఈ రోగులకు సాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, 88 నుంచి 92 మధ్య ఉంటే చాలు. కంగారులో ఫ్లో మొత్తం తిప్పేస్తే మగత ఇంకా ముదురుతుంది. ఇది తెలియని కొత్త డాక్టరు మంచి చేయబోయి చెడు చేస్తాడు. తప్పు అతనిది కాదు. హౌస్‌సర్జన్‌గా ఛాతీ వార్డులో కొన్ని వారాలైనా తిరిగినవాడికే ఇది ఒంటబడుతుంది. ఆ వార్డే లేని కాలేజీలో చదివినవాడికి ఎవరు నేర్పాలి?

టెక్నీషియన్ల సంగతీ అంతే. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం శ్వాసకోశ టెక్నాలజిస్టులకు తొలిసారి చట్టబద్ధమైన గుర్తింపు ఇచ్చింది. గుర్తింపు వచ్చిందిగానీ, జిల్లా ఆస్పత్రుల్లో ఆ పేరుతో పోస్టులు పడితేనే దానికి అర్థం. ఫిల్టర్ మార్చేవాళ్లు, సెన్సర్ చెడిపోతే గుర్తుపట్టేవాళ్లు లేని చోట వెంటిలేటర్ ఏ మూలకో చేరుతుంది. కుటుంబం మాత్రం రెఫరల్ కాగితం పట్టుకుని 108 కోసం ఎదురుచూస్తుంది. చిత్తూరు వాళ్లకు వేలూరు దగ్గర కాబట్టి అటు పరిగెడతారు, కుప్పం వాళ్లు బెంగళూరు చూసుకుంటారు, మిగిలినవాళ్లు తిరుపతికొస్తారు. దారి పొడవునా ఆక్సిజన్ సిలిండర్ ముల్లు ఎక్కడుందో చూసుకుంటూ కూర్చునే టెన్షన్ పడ్డవాళ్లకే తెలుస్తుంది.

ఇదంతా రోగి చివరి పది రోజుల గోడు. అంతకుముందు పదేళ్ల సంగతి ఇంకా అన్యాయంగా ఉంది. 2016 లెక్కల ప్రకారం దేశంలో దాదాపు ఐదున్నర కోట్ల మందికి సీఓపీడీ ఉంది. మొత్తం మరణాల్లో సుమారు 11 శాతం దీర్ఘకాలిక శ్వాసకోశ జబ్బుల వల్లే. పొగ తాగేవాళ్ల జబ్బుగా దీన్ని కొట్టిపారేయడానికి లేదు. కట్టెల పొయ్యి ముందు ముప్పై నలభై ఏళ్లు వంట చేసిన ఆడవాళ్లు బీడీ ముట్టకుండానే దీని బారిన పడుతున్నారు. కుప్పం వైపు గ్రానైట్ క్వారీల్లో, పాలిషింగ్ యూనిట్లలో పనిచేసేవాళ్ల ఛాతీలోకి రాతిపొడి చేరుతుంది. ఆ పొడితో వచ్చే సిలికోసిస్ జబ్బును యాజమాన్యం ప్రభుత్వానికి తెలియజేసి తీరాలని చట్టం చెబుతోంది. చిత్తూరు పట్టణం జాతీయ శుద్ధ వాయు కార్యక్రమం కింద, గాలి ప్రమాణాలు అందుకోలేని నగరాల జాబితాలో ఉంది.

ఇంత ఉన్నా, పల్లెలో దమ్ము వచ్చిన మనిషికి మొదట దొరికేది ఆర్ఎంపీ వేసే డెరిఫిల్లిన్ సూది. పీహెచ్‌సీలో బీపీ చూస్తారు, షుగర్ చూస్తారు. ఊపిరితిత్తుల సామర్థ్యం కొలిచే స్పైరోమెట్రీ కావాలంటే పెద్దాస్పత్రికి రావాలి. బీపీ, షుగర్‌ల కోసం నడిచే అసాంక్రమిక వ్యాధుల జాతీయ కార్యక్రమంలో సీఓపీడీ, ఆస్తమాలను కూడా కలిపారు. సాల్బుటమాల్, బుడెసొనైడ్, టియోట్రోపియం అనే ఇన్‌హేలర్ మందులు జాతీయ అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్నాయి. కాగితం మీద లోటేమీ లేదు. కానీ ఇన్‌హేలర్ అలవాటైతే ఇక మానలేమన్న భయాన్ని పోగొట్టి, స్పేసర్ అనే గొట్టంతో ఎలా పీల్చాలో రెండు నిమిషాలు చూపించే మనిషి ఊళ్లో ఉండాలి. గ్రామ ఆరోగ్య కేంద్రంలో, ఏఎన్ఎం చేతిలో అది జరగాలి.

మన బీమా పథకాల తీరే వేరు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవగా ఉన్న పథకమైనా, కేంద్రం 2018లో తెచ్చిన ఐదు లక్షల ఆయుష్మాన్ భారత్ అయినా, ప్రధానంగా ఆస్పత్రిలో చేరినవాళ్ల కోసం అల్లినవి. గుండెకు స్టెంట్ వేస్తే ప్యాకేజీ ఉంటుంది. ఏడాదంతా ఇన్‌హేలర్ వాడి ఆస్పత్రి గడప తొక్కకుండా ఉన్న మనిషికి ప్యాకేజీ ఎక్కడ? వాడలేక చతికిలబడి ఐసీయూలో చేరితే మాత్రం లక్షలు కదులుతాయి. 2017 జాతీయ ఆరోగ్య విధానం 2025 నాటికి ప్రభుత్వాలు ఆరోగ్యానికి జీడీపీలో 2.5 శాతం ఖర్చు పెట్టాలంది. 2021-22లో, అంటే కోవిడ్ కాలంలో కూడా, అది 1.84 శాతమే. జనం జేబులోంచి పెట్టింది మొత్తం ఆరోగ్య ఖర్చులో 39 శాతానికి పైనే.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇంట్లో ఆక్సిజన్ మీద బతికేవాళ్ల పరిస్థితి. జబ్బు ముదిరినవాళ్లు రోజుకు కనీసం 15 గంటలు ఆక్సిజన్ పెట్టుకోవాలి. గాలిలోంచి ఆక్సిజన్ తీసిచ్చే ఐదు లీటర్ల కాన్సన్‌ట్రేటర్ 300 నుంచి 350 వాట్ల కరెంటు తాగుతుంది. నెల తిరిగేసరికి ఆ ఒక్క మిషన్‌కే సుమారు 150 యూనిట్లు. స్లాబు మారుతుంది, బిల్లు పెరుగుతుంది, ఇంట్లో గొణుగుడు మొదలవుతుంది. అది విన్న పెద్దాయన ఎవరూ చూడనప్పుడు స్విచ్ ఆపేస్తాడు. మన రాష్ట్రం డయాలసిస్ రోగులకు నెలకు 10,000 పింఛను ఇస్తోంది. కిడ్నీ, లివర్, గుండె మార్పిడి చేయించుకున్నవాళ్లకూ ఇస్తోంది. ఎంతో మంచి పని. ఆ జాబితాలో ఊపిరితిత్తులకు చోటు లేదు. 2025 సెప్టెంబరులో మెడికల్ ఆక్సిజన్ మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, సిలిండర్ కొనేవాళ్లకు కాస్త ఊరట. కరెంటు బిల్లు మాత్రం అలాగే ఉంది.

టీబీ విషయంలో ఈ ప్రాంతానికి పెద్ద చరిత్రే ఉంది. పాత చిత్తూరు జిల్లాలో మదనపల్లె పక్కన ఆరోగ్యవరం శానిటోరియం 1915లో మొదలైంది. దేశంలో బీసీజీ టీకాలు తొలిగా వేసిన చోట్లలో మదనపల్లె ఒకటి, అది 1948లో. అలాంటి గడ్డ మీద నిలబడి చూస్తే, 2025 కల్లా టీబీని అంతం చేస్తామన్న లక్ష్యం తప్పిపోవడం మనసుకు కష్టంగా ఉంటుంది. 2015లో లక్ష మందికి 237గా ఉన్న కొత్త కేసులు 2024కి 187కి తగ్గాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. టీబీ రోగులకు పోషకాహారానికి నెలకు ఇచ్చే 500 రూపాయలు 2024 నవంబరు నుంచి 1,000 అయ్యాయి. ఇవి తీసిపారేసే విజయాలు కావు. కానీ కోర్సు పూర్తయి, కార్డు మీద నయమైందని రాసిన రోజే మనిషి లెక్కల్లోంచి తప్పుకుంటాడు. దెబ్బతిన్న ఊపిరితిత్తితో, మెట్లెక్కితే వచ్చే ఆయాసంతో మిగిలిన జీవితమంతా అతనే పడాలి. పాత శానిటోరియంలో రోగిని నెలల తరబడి ఉంచుకుని, తిండి పెట్టి, కోలుకున్నాక ఏం పని చేయగలడో కూడా చూసేవారు. ఆ చూపు మళ్లీ కావాలి.

ఇప్పుడు రాష్ట్రంలో మరో మార్పు వస్తోంది. 2025 సెప్టెంబరులో మంత్రివర్గం ఆమోదించిన కొత్త విధానంలో రెండున్నర లక్షల దాకా బీమా కంపెనీ, ఆ పైన 25 లక్షల దాకా ఎన్టీఆర్ వైద్యసేవ ట్రస్టు భరిస్తాయి. ఏ చికిత్స లోపల, ఏది బయట అన్నది ఒప్పందంలో రాసే షరతులే నిర్ణయిస్తాయి. ఆ షరతుల్లో నాలుగు వాక్యాలు చేర్చమని మన ఎమ్మెల్యేలను, ఎంపీలను అడగాలి. ఓపీలో ఇన్‌హేలర్లు, ఏడాదికోసారి స్పైరోమెట్రీ పథకంలో ఉండాలి. ఛాతీ వైద్యుడు రాసిచ్చిన ఇంటి ఆక్సిజన్‌కు మిషన్ అద్దె, కరెంటు రాయితీ రావాలి. జిల్లా ఆస్పత్రిలో బైపాప్ మీద గడిపిన రోజుకు, అక్కడ నిలబడే సిబ్బంది ఖర్చుతో సహా ప్యాకేజీ కట్టాలి. టీబీ కోర్సు ముగిసినవాళ్లను కనీసం రెండేళ్లు పిలిచి చూసే ఏర్పాటు ఉండాలి. రాష్ట్ర కాలేజీల్లో ఛాతీ విభాగాన్ని కొనసాగించి తీరాలని ప్రభుత్వం సొంతంగా జీవో ఇచ్చుకోవచ్చు. కమిషన్ తప్పనిసరి కాదని చెప్పిందేగానీ, పెట్టుకోవద్దని చెప్పలేదు.