ఆఫీస్ ప్యాకేజీలో డైరీకి చోటెక్కడ?

ఉత్తరం టైప్ చేసే ప్రోగ్రామ్‌కి చిరునామాలు కావాలి. చిరునామాల పక్కనే క్యాలెండర్ ఉంటే బాగుంటుంది. మరి మెయిల్ ఒక్కటీ బయటెందుకు? ఆఫీస్ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకి ఈ ఆలోచన రాక మానదు. మెనూలు, ప్రింటింగ్, స్పెల్‌చెక్ అన్నీ ఫ్రేమ్‌వర్క్‌లో, అంటే ప్యాకేజీలోని ప్రోగ్రామ్‌లన్నీ కలిసి వాడుకునే ఉమ్మడి కోడ్‌లో, సిద్ధంగా ఉన్నాయి కాబట్టి సగం పని అయిపోయినట్టే అనిపిస్తుంది. అయిపోయింది సులువైన సగం.

స్టార్‌ఆఫీస్ 5 అనే ఆఫీస్ ప్యాకేజీలో ఇవన్నీ ఒకే విండోలో ఉండేవి. దాన్ని తయారుచేసిన కంపెనీని 1999లో సన్ మైక్రోసిస్టమ్స్ కొనేసి, 2000 అక్టోబరులో కోడ్‌ను ఓపెన్ సోర్స్ చేసింది, అంటే ఎవరైనా చూసి మార్చుకునేలా విడుదల చేసింది. ఆ కోడ్‌తోనే 2002లో ఓపెన్‌ఆఫీస్ 1.0 వచ్చేసరికి మెయిల్, క్యాలెండర్ రెండూ మాయం.

నాకైతే అది నష్టమనిపించదు. ఫైలు తెరుస్తాం, రాస్తాం, సేవ్ చేసి మూసేస్తాం; ఆఫీస్ ఫ్రేమ్‌వర్క్ ఈ అలవాటు చుట్టూ అల్లుకున్నది. అపాయింట్‌మెంట్ అలా కాదు. విండో మూసేసినా టైముకి గుర్తుచేయాలి. ఫోన్లో మార్చింది కంప్యూటర్లో కనిపించాలి. రెండుచోట్లా ఒకేసారి మారిస్తే ఏది నిలవాలో తేల్చాలి. ప్రతి నెలా మూడో మంగళవారం జరిగే మీటింగు ఈ ఒక్క నెలకి బుధవారానికి మారితే, మిగతావి కదలకూడదు. టైమ్‌జోన్ల టెన్షన్ సరేసరి. పేజీ మార్జిన్లు సర్దే కోడ్ వీటిలో దేనికీ అక్కరకు రాదు.

లినక్స్ డెస్క్‌టాప్ తయారుచేసే కేడీఈ వాళ్లు 2004లో తెచ్చిన కాంటాక్ట్ (Kontact) ప్రోగ్రామ్‌ది వేరే దారి. అందులోని మెయిల్ ప్రోగ్రామ్ కేమెయిల్, క్యాలెండర్ ప్రోగ్రామ్ కేఆర్గనైజర్ విడిగానూ నడుస్తాయి, ఒకే విండోలోనూ ఇముడుతాయి. కాకపోతే ఉన్న ఒక్క చిరునామాల పుస్తకాన్నే ఒక్కో ప్రోగ్రామ్ తన మెమరీలోకి విడివిడిగా లాక్కునేది. అందుకే అకొనాడి వచ్చింది: వెనకాల నడిచే ఒకే సర్వీసు, అందరికీ అదే దిక్కు. 2011లో కేమెయిల్ దాని మీదికి మారినప్పుడు వాడేవాళ్లు చాలామంది విసిగిపోయారు. అయినా దిశ సరైనదే. పంచుకోవాల్సింది సమాచారం, విండో కాదు.

పునాదితో సహా అంతా కొత్తగా కడదామన్నా కష్టమే. లోటస్ సాఫ్ట్‌వేర్ కంపెనీ స్థాపకుడు మిచ్ కేపర్ మొదలెట్టిన చాండ్లర్ అనే క్యాలెండర్ ప్రోగ్రామ్ 1.0కి చేరింది 2008లో. అప్పటికి జనం వేరేవాటికి అలవాటు పడిపోయారు.

ఇప్పుడు ఎవరైనా మొదలుపెడితే అపాయింట్‌మెంట్లకి ఐక్యాలెండర్, చిరునామాలకి వీకార్డ్ ఫార్మాట్లను, వాటిని పరికరాల మధ్య సింక్ చేయడానికి కాల్‌డావ్, కార్డ్‌డావ్ అనే పద్ధతులను పట్టుకుంటే చాలు. అవి ఏ ప్యాకేజీ సొత్తూ కావు. ఆఫీస్‌తో బంధం మెయిల్ మెర్జ్ వరకే, అంటే ఒకే ఉత్తరంలో ఒక్కొక్కరి పేరూ చిరునామా నింపడం వరకే. ఓపెన్‌ఆఫీస్‌లో ఉత్తరాలు రాసే రైటర్, థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామ్ చిరునామాల పుస్తకాన్ని ఒకప్పుడు డేటా సోర్సుగా వాడుకోగలిగేది, థండర్‌బర్డ్‌ను తనలో కలుపుకోకుండానే.