లాబ్‌స్టర్ టన్నులు పెరిగాయని మురిసిపోయే ముందు

ఐరోపా దేశాలు సముద్రం నుంచి పడుతున్న లాబ్‌స్టర్ల (పెద్ద కొండ్లుండే, రొయ్యను పోలిన జీవుల) లెక్కలు చూసి, కొన్ని దేశాల్లో దిగుబడి పెరిగింది గనుక అంతా సవ్యంగానే ఉందని తేల్చేసే వాదన నన్ను ఎంతో కలవరపెడుతోంది. ఒడ్డుకు చేరిన టన్నులు నీటిలో ఎన్ని మిగిలాయో చెప్పవు. వాటిని పట్టడానికి నీటిలో దించే బోనుల సంఖ్య పెంచుకుంటూ పోతే, లోపల సంపద తరిగిపోతున్నా పైలెక్క కొన్నేళ్లపాటు పెరుగుతూనే కనిపిస్తుంది.

నార్వేనే చూడండి. 1930లలో ఏటా వెయ్యి టన్నుల దరిదాపుల్లో పట్టిన ఆ దేశంలో, 1960ల తర్వాత దిగుబడి పడిపోయి, 1980ల నాటికి సుమారు 30 టన్నులకు చేరింది. పట్టదగిన పరిమాణానికి ఎదగడానికి ఐదు నుంచి ఏడేళ్లు తీసుకునే, గుడ్లను పొత్తికడుపు కింద నెలల తరబడి మోసే జీవి ఇది. ఒకసారి తరిగాక తేరుకోవడం అంత సులభం కాదు. అయినా గుడ్లతో ఉన్న ఆడవాటిని పట్టకూడదనే నిషేధం అక్కడ 2008 దాకా రాలేదు. అంత ఆలస్యాన్ని నేను క్షమించలేను.

మార్గం తెలియక ఆగారని అనడానికీ లేదు. 2006లో నార్వే దక్షిణాన ఉన్న స్కాగెరాక్ తీరంలో కొన్ని చిన్న ప్రాంతాల్లో లాబ్‌స్టర్ వేటను ఆపేస్తే, నాలుగేళ్లలో అక్కడ ఒక్కో బోనుకు పడే సంఖ్య 245 శాతం పెరిగింది. వేట సాగిన పక్క ప్రాంతాల్లో పెరుగుదల 87 శాతమే. ఐర్లాండ్ జాలర్లయితే గుడ్లతో ఉన్న ఆడదాని తోకకు చిన్న గాటు పెట్టి నీటిలో వదిలేస్తారు. ఆ గాటు ఉన్నంతకాలం దాన్ని పట్టడం చట్టవిరుద్ధం. తమ రాబడిని తామే వాయిదా వేసుకున్న ఆ జాలర్లంటే నాకు అపారమైన గౌరవం.

ఐరోపాలో అత్యధికంగా పట్టేది బ్రిటన్. అక్కడి బ్రిడ్లింగ్టన్ రేవు ఒక్కటే ఏటా 300 టన్నులకు పైగా ఒడ్డుకు చేరుస్తుంది. గుడ్లున్నవాటిని ఒడ్డుకు తేరాదనే నిబంధన ఇంగ్లండ్‌లో 2017 దాకా రాలేదు. పట్టడానికి చట్టం అనుమతించే కనీస పెంకు కొలత 87 మిల్లీమీటర్లను చాలా ఆడ లాబ్‌స్టర్లు ఒక్కసారైనా గుడ్లు పెట్టకముందే దాటేస్తాయి, అంటే సంతానం ఇవ్వకముందే వాటిని పట్టేయొచ్చు. అందుకే ప్రతి దేశమూ టన్నుల పక్కన ఎన్ని బోనులు, ఎన్ని రోజులు దించారో, సరదాకు పట్టేవారు ఎంత తీసుకెళ్లారో కూడా ప్రకటించాలని అడుగుతున్నాను.