ఆ బోర్డు తీసింది ఎవరు?

2016లో వచ్చిన ‘హిడెన్ ఫిగర్స్’ మన ఇళ్లల్లో పిల్లలకు ఇష్టంగా చూపించే సినిమా. నాసాలో లెక్కలు కట్టిన నల్లజాతి మహిళల కథ. బాత్రూమ్ కోసం కేథరిన్ జాన్సన్ వానలో తడుస్తూ అర మైలు పరుగెత్తాల్సి వస్తోందని తెలిసి, తెల్ల బాస్ ఇనుప కడ్డీతో ‘కలర్డ్’ (అంటే నల్లవారికి) అనే బోర్డును ఊడగొడతాడు. హాల్లో చప్పట్లు పడే సీన్ అది.

అసలు అలా జరగలేదు. ఆ బాస్ కల్పిత పాత్ర. వాళ్లు పనిచేసిన లాంగ్లీ కేంద్రంలో బోర్డు లేని బాత్రూమ్‌నే జాన్సన్ వాడుకున్నారు, అభ్యంతరం వచ్చినా మానలేదు. సినిమాకు ఆధారమైన మార్గోట్ లీ షెటర్లీ పుస్తకంలో నాకు మరీ నచ్చింది అక్కడే లెక్కలు కట్టిన మరో నల్లజాతి మహిళ మిరియం మాన్ సంగతి. 1940లలో అక్కడి క్యాంటీన్‌లో ఒక టేబుల్ మీద ‘కలర్డ్ కంప్యూటర్స్’ అనే అట్ట పెట్టేవారు. (అప్పట్లో కంప్యూటర్లంటే లెక్కలు చేసే మనుషులే.) మాన్ ఆ అట్ట తీసి తన హ్యాండ్‌బ్యాగ్‌లో పడేసుకునేవారు. మళ్లీ కొత్తది పెట్టేవారు, ఆవిడ మళ్లీ తీసేవారు. ఉద్యోగం పోతుందని ఇంట్లో భర్తకు టెన్షన్. చివరికి విసుగెత్తింది అవతలివాళ్లకే, అట్ట రావడం ఆగిపోయింది.

తెర మీద కడ్డీ దెబ్బ బాగా పేలుతుంది, నిజమే. కానీ మాన్ చేసిన పని ఆ తెల్ల బాస్ ఖాతాలో పడింది. హక్కంటే పైవాడు మనసు కరిగి ఇచ్చేదన్నట్టు తయారైంది.

అమెరికా తెలుగువాళ్లం దీన్ని ఊరికే వదిలేయకూడదు. ఇక్కడికి వలస వచ్చిన పంజాబీ భగత్ సింగ్ థిండ్ తెల్లవాడు కాడు కాబట్టి పౌరసత్వం చెల్లదని 1923లో సుప్రీంకోర్టు తేల్చింది. 1946 తర్వాత కూడా వలస రావడానికి భారతీయుల కోటా ఏడాదికి 100 మందే. ఆ కోటాల పద్ధతిని ఎత్తేసిన చట్టం 1965 అక్టోబరులో వచ్చింది, నల్లవారి ఓటు హక్కును కాపాడే చట్టం వచ్చిన రెండు నెలలకు. వాళ్ల ఉద్యమం వేడి మీదున్నప్పుడే మన డాక్టర్లకూ ఇంజనీర్లకూ దారి పడింది. అయినా మన విందుల్లో ‘మనం చదువుకుని పైకొచ్చాం, వాళ్లకేమైంది?’ అనే మాట మామూలుగా దొర్లిపోతుంది.

సినిమా మానేయమనను. కడ్డీ సీన్ దగ్గర పాజ్ నొక్కి పిల్లలకు మాన్ సంగతి చెప్పండి. షెటర్లీ పుస్తకానికి పిల్లల ఎడిషన్ కూడా ఉంది, పెద్దవాళ్లు చదివినా తప్పేం లేదు.