నిమ్మపండు రంగా, చిలకపచ్చా?

మా బావమరిది పటమటలో కొన్న ఫ్లాటుకు మూఢం అడ్డొచ్చింది. మూఢం పోయేదాకా రెండు నెలలు, ఆపైన మంచి లగ్నం కోసం మరో 12 రోజులు, ఇటు అద్దె, అటు బ్యాంకు వాయిదా కట్టుకుంటూ ఆ కుటుంబం కిక్కురుమనకుండా ఆగింది. ఆ ఓపికకు నమస్కారం. అదే కుటుంబం గృహప్రవేశానికి ముందు రోజు సాయంత్రం 60 లీటర్ల గాజు తొట్టె కొని, రాత్రి కుళాయి నీళ్ళు నింపి, తెల్లవారకముందే తొమ్మిది గోల్డ్ ఫిష్‌లను అందులో వదిలింది. ఎనిమిది బంగారు రంగువి, ఒకటి నల్లది. ఈశాన్య మూలన. శుక్రుడికి రెండు నెలలు ఇచ్చినవారు బాక్టీరియాకు ఒక్క రాత్రి కూడా ఇవ్వలేదు.

కొత్త తొట్టెను ముందు సైకిల్ చేయాలన్నాను. బెజవాడలో సైకిల్ అంటే రెండే అర్థాలు. ఒకటి తొక్కేది, రెండోది ఓటు వేసేది. మామయ్యగారు రెండో అర్థం తీసుకుని, "శుభకార్యంలో రాజకీయాలు వద్దు బాబూ" అన్నారు.

రాజకీయం కాదు, పెరుగు తోడుపెట్టడం లాంటిదని వివరించబోయాను. చేప మొప్పల నుంచి అమ్మోనియా వదులుతుంది. ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, మరో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ విషాలు. మూడోది కాస్త పేరుకున్నా, వారం వారం కొంత నీరు మారిస్తే సరిపోతుంది. ఈ బాక్టీరియా ఫిల్టర్ స్పాంజిలో కాపురం పెట్టడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంతవరకు చేపల్లేకుండా, సీసాలో దొరికే అమ్మోనియాను కొలిచి పోస్తూ ఉండాలి. పోసిన 2 పీపీఎం (అంటే పది లక్షల పాళ్ళ నీటికి రెండు పాళ్ళు) అమ్మోనియా 24 గంటల్లో మాయమై, నైట్రైట్ కూడా సున్నా చూపించిన రోజున దుకాణానికి వెళ్ళాలి. ఎవరి తొట్టెలోనైనా బాగా నడిచిన స్పాంజి ముక్క దొరికితే అదే తోడు, పని త్వరగా అవుతుంది. పాలు గిన్నెలో పోసిన వెంటనే పెరుగన్నం కలిపేవాళ్ళు ఈ ఇంట్లో ఎవరైనా ఉన్నారా అని అడిగాను. టిఫిన్లు వడ్డిస్తున్నారని అందరూ లేచారు.

దుకాణదారు మాత్రం శాస్త్రజ్ఞుడే. నీలం మందు సీసా ఒకటి అమ్మి, "రోజుకు నాలుగు చుక్కలు, అంతా సర్దుకుంటుంది" అన్నాడట. అది మిథిలీన్ బ్లూ. ఫంగస్‌కు మంచి మందే. మనం పెంచుకోవలసిన బాక్టీరియాను కూడా అది దెబ్బతీస్తుంది. అంటే అతను చేపలు అమ్మాడు, చేపల జబ్బుకు మందు అమ్మాడు, ఆ మందుతో రాబోయే వారానికి మళ్ళీ చేపల గిరాకీ కూడా ఏర్పాటు చేసుకున్నాడు. వ్యాపారం అంటే అదీ.

నాలుగో రోజు నీటిలో అమ్మోనియా కొలిచే పరీక్ష కిట్టు పట్టుకెళ్ళాను. గాజు గొట్టంలో 5 మిల్లీలీటర్ల నీరు, మొదటి సీసా నుంచి ఎనిమిది చుక్కలు, రెండో సీసా నుంచి ఎనిమిది, బాగా కుదిపి ఐదు నిమిషాలు ఆగాలి. ఆ ఐదు నిమిషాల్లో ఇల్లంతా హాల్లో చేరింది. మామయ్యగారికి పదేళ్ళుగా షుగరు. "ఇది పరగడుపున చేయాలా, తిన్నాకనా?" అని అడిగారు. చేపలకు అప్పుడే పిడికెడు మేత పడిందని తెలిసి, అయితే రిపోర్టు నమ్మలేమని తేల్చేశారు. ఆ తర్వాత రంగుల కార్డు తీశాను. సున్నా అయితే పసుపు, పెరిగేకొద్దీ పచ్చ. బావమరిది నిమ్మపండు రంగన్నాడు. అతని భార్య లేత అరిటాకు అంది. అప్పుడు అత్తయ్యగారు కళ్ళజోడు సర్దుకుని గొట్టం చేతిలోకి తీసుకున్నారు. నలభై ఏళ్ళు వన్ టౌన్ చీరల కొట్ల అంతు చూసిన మనిషి. "ట్యూబులైటు కింద రంగు చూస్తారా ఎవరైనా? వీధిలోకి తీసుకెళ్ళాలి" అంటూ బాల్కనీలో ఎండకు పట్టి, అటూ ఇటూ తిప్పి, "చిలకపచ్చ. అంచు మాత్రం కొంచెం పసరు రంగు" అని తీర్పు చెప్పారు. ఆ ఇంట్లో శాస్త్రీయ దృక్పథం ఉన్నది ఆవిడ ఒక్కరికే. కార్డు ప్రకారం అది 4 పీపీఎం.

పైగా ఆ నీటి పీహెచ్, అంటే ఆమ్ల క్షార గుణాల కొలత, 8. పీహెచ్ 7 దగ్గర కన్నా 8 దగ్గర అమ్మోనియాలోని విషభాగం దాదాపు పది రెట్లు. నీరు వేడెక్కేకొద్దీ అది ఇంకా పెరుగుతుంది. మే నెల బెజవాడలో నీరు ఎంత చల్లగా ఉంటుందో మీకు నేను చెప్పాలా?

సగం నీళ్ళు వెంటనే మార్చమన్నాను. "మొన్ననే కదా బావగారూ పోశాం, అద్దంలా ఉన్నాయి" అన్నాడు బావమరిది. చేపలన్నీ నీటి పైకి వచ్చి నోళ్ళు తెరిచి మూస్తున్నాయి. ముద్దులు పెడుతున్నాయని పిల్లలు ఫోన్లలో వీడియో తీస్తున్నారు. ముద్దులు కావవి. మొప్పలు కాలిపోయి ఊపిరి అందక చేసే పెనుగులాట.

ఆ రాత్రి రెండు చచ్చాయి. మర్నాడు నల్లది. నల్లది పోగానే ఇంట్లో సంబరం. ఇంటి మీది దిష్టినంతా అది తీసుకుపోయిందట! ఏ దిష్టి? దాని మొప్పలను కాల్చినది ఎదురింటివాళ్ళ కన్ను కాదు, దాని ఒంట్లోంచి వచ్చిన అమ్మోనియాయే. పారిపోవడానికి దానికి మరో చెరువు లేదు. ఒక కిట్టు కొననివాడు, ఒక బకెట్ నీళ్ళు మార్చనివాడు, ఒక ప్రాణిని నాలుగు రోజులు ఊపిరాడకుండా చంపి, ఆ చావును తన అదృష్టం ఖాతాలో జమ చేసుకుంటాడా? దిష్టి పోవాలంటే గుమ్మడికాయ కట్టుకోండి. దానికి మొప్పలుండవు.

సాయంత్రానికి మరో మూడు చేపలు వచ్చి లెక్క తొమ్మిదికి సరిపోయింది. నా కిట్టు తిరిగి ఇమ్మంటే రంగుల కార్డు కనబడలేదు. అత్తయ్యగారు కొత్త చీరకు జాకెట్టు ముక్క కోసం దాన్ని బీసెంట్ రోడ్డుకు తీసుకెళ్ళారట. 4 పీపీఎం రంగు రెండో కొట్లోనే దొరికిందట.