రక్షణ శాఖకు సర్వదర్శనం క్యూ నుంచి ఒక మనవి

దేశానికి కావలసిన ఆయుధాలను దేశంలోని ప్రైవేటు కంపెనీలు కూడా తయారు చేయవచ్చని 2001లో ప్రభుత్వం తలుపులు తెరిచింది. అది చాలదని కొందరు గొణుగుతున్నారు. వారు తిరుపతిలో పుట్టి ఉండరు. తలుపు తీయడం వేరు, దర్శనం కావడం వేరని మాకు చిన్నప్పటినుంచీ తెలుసు.

అసలు ప్రైవేటువారికి లేనిది ఓర్పు. 1974లో మంజూరైన అర్జున్ ట్యాంకు 2004లో గానీ సైన్యం చేతికి రాలేదు. ఆ ముప్పై ఏళ్లూ ప్రభుత్వ రంగం ఒక్కసారైనా తొందరపడిందా? అదే 2017లో ఒక ప్రైవేటు కంపెనీకి నూరు కె9 వజ్ర ఫిరంగులు చేయమని చెబితే, 2021 ఫిబ్రవరికల్లా నూరూ చేతిలో పెట్టేసింది. ఇలాంటి దూకుడును మొగ్గలోనే తుంచకపోతే రేపు అందరూ గడువు పాటిస్తారు. (ఆ ఫిరంగి నమూనా దక్షిణ కొరియాది. స్వదేశీ అన్న మాటకు మనసు విశాలంగానే ఉండాలి.)

పరీక్షల పద్ధతి మరీ ముచ్చటైనది. కంపెనీ తన ఖర్చుతో ఫిరంగి చేసి, ఎడారి ఎండకూ మంచుకొండల చలికీ మోసుకెళ్లి కాల్చి చూపించాలి. కొంటామన్న హామీ మాత్రం ఉండదు. పెళ్లిచూపులకు వచ్చినవారికి టిఫిను పెట్టిన పిల్ల తరఫువారికి కనీసం మర్యాదైనా దక్కుతుంది, ఇక్కడ అదీ లేదు. పైగా ఈ పిల్లకు దేశం మొత్తంమీద వరుడు ఒక్కడే, ప్రభుత్వం.

గాజులమండ్యం పారిశ్రామికవాడలో నాకు తెలిసిన లేత్ షెడ్డు ఒకటి ఉంది. బోరు మోటార్ల షాఫ్టులు, చెరకు గానుగల రోలర్లు అక్కడ తయారవుతాయి. యజమాని మైక్రోమీటరు పట్టి చూసి, వెంట్రుకవాసి తేడా వచ్చినా ముక్కను తుక్కులో పారేసే మనిషి. సైనిక వాహనంలో పడే పిన్ను ఒకటి చేసిపెడతానని ఒక పెద్ద కంపెనీ తలుపు తట్టాడు. నాలుగు నమూనాలు చేసి, నూనె కాగితంలో చుట్టి పంపాడు. రక్షణ రంగంలో పూర్వానుభవం చూపమన్నారు. పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు.

కనుక నా మనవి ఇది. కొండమీది మూడు వరుసలనూ ఢిల్లీలో బాహాటంగా అమలు చేయండి. పెద్ద సంస్థలకు వీఐపీ బ్రేకు, మధ్యరకం వారికి మూడు వందల రూపాయల టికెట్టు, లేత్ షెడ్లకు సర్వదర్శనం. ఇప్పుడూ జరుగుతున్నది అదే గానీ, బోర్డు పెట్టడం లేదు. బోర్డు ఉంటే కనీసం ఎన్ని గంటలు పడుతుందో అందులో రాస్తారు. కంపార్టుమెంట్లో కూర్చున్నవారికి పాలూ, ఉప్మా కూడా అందుతాయి.

మొన్న షెడ్డుకు వెళ్లి, "ఏమన్నా, ఆర్డరు వచ్చిందా?" అని అడిగాను.

"వస్తుంది సార్. మన దగ్గర ఉంచుకున్న పిన్ను తుప్పు పట్టకుండా నెలకోసారి నూనె రాస్తున్నాను" అని, చేతులు తుడుచుకుని గానుగ రోలరు బిగించడానికి వెళ్లిపోయాడు.