కర్జన్ కట్టని రాజ్‌భవన్

రెండు భవనాల ఫొటోలు పక్కపక్కన పెట్టిన మెసేజ్ ఒకటి వాట్సాప్‌లో తెగ తిరుగుతోంది. ఒకటి కోల్‌కతా రాజ్‌భవన్ (2025లో పేరు లోక్ భవన్‌గా మార్చారు). రెండోది ఇంగ్లండ్‌లో డెర్బీ పట్టణానికి దగ్గర్లో ఉన్న కెడిల్‌స్టన్ హాల్, అంటే వైస్రాయ్ కర్జన్ వంశం వాళ్ల పాత ఇల్లు. కింద ఉన్న రాత సారాంశం ఇదీ: కర్జన్ మన సొమ్ము దోచుకెళ్లి సొంతూళ్లో ప్యాలెస్ కట్టుకున్నాడు, ఇంటి మీద బెంగతో అచ్చం అలాంటిదే కలకత్తాలోనూ కట్టించాడు, ఆయన భార్య తొడుక్కున్న పచ్చలు పొదిగిన గౌను ఇప్పటికీ ఆ ఇంగ్లండ్ ఇంట్లోనే ఉంది, ఆ ఇంటికి ఆ కుటుంబమే ఇంకా యజమాని.

నాకు మూడు గ్రూపుల్లో వచ్చింది. పంపినవాళ్లలో చరిత్రంటే నిజంగా ఇష్టం ఉన్నవాళ్లూ ఉన్నారు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

"కలకత్తా భవనం కర్జన్ కట్టించాడు"

కాదు. కట్టించింది గవర్నర్ జనరల్ వెల్లెస్లీ. 1799లో పని మొదలై 1803లో పూర్తయింది. కర్జన్ పుట్టిందే 1859లో. 1899లో ఆయన వైస్రాయ్‌గా వచ్చి అందులో దిగేసరికి ఆ భవనానికి దాదాపు వందేళ్లు.

పోలిక మాత్రం నిజమే. కలకత్తా భవనానికి ప్లాన్ గీసిన కెప్టెన్ చార్లెస్ వయట్ ఇంగ్లండ్‌లో పేరుమోసిన వాస్తుశిల్పుల కుటుంబం మనిషి. ఆ కుటుంబానికే చెందిన శామ్యూల్ వయట్, కెడిల్‌స్టన్ కడుతున్న రోజుల్లో అక్కడ పనులు చూసుకున్నాడు. అలా ఆ నమూనా ఇక్కడికి వచ్చింది. కెడిల్‌స్టన్‌లో మధ్యన పెద్ద ఇల్లు, దానికి నాలుగు మూలలా నాలుగు చిన్న భవనాలు, వాటిని కలుపుతూ వంపు తిరిగిన వసారాలు ఉండాలని అనుకున్నారు. చివరికి కట్టింది రెండే. కలకత్తాలో నాలుగూ కట్టారు. అసలు ఇంటికి కాగితం మీదే మిగిలిపోయిన ప్లాన్ మన దగ్గర పూర్తయిందన్నమాట. ఈ పోలిక కర్జన్‌కు బాగా నచ్చేది, దాని గురించి రాసుకున్నాడు కూడా. గందరగోళం అక్కడి నుంచే మొదలై ఉంటుంది.

ఈ ఒక్క తప్పు దగ్గర నేను ఎక్కువసేపు ఆగడానికి కారణం ఉంది. వెల్లెస్లీ పేరు తీసేస్తే మన కథే పోతుంది. ఆ భవనం పునాదులు లేస్తున్న 1799లోనే శ్రీరంగపట్నంలో టిప్పు సుల్తాన్ నేలకొరిగాడు. గోడలు లేస్తుండగా, 1800లో, నిజాం తన దగ్గరుంచుకున్న ఈస్టిండియా కంపెనీ సైన్యం ఖర్చు కింద బళ్లారి, అనంతపురం, కడప, కర్నూలు ప్రాంతాలను కంపెనీకి రాసిచ్చాడు. దత్త మండలాలు అన్న పేరు అప్పటిదే. రాయలసీమను కంపెనీ చేతిలో పెట్టించిన మనిషి కట్టుకున్న భవనం అది. దాన్ని వందేళ్ల తర్వాత వచ్చిన ఇంకొకరి ఖాతాలో వేస్తే, అసలు మనిషి తప్పించుకుపోయినట్టే కదా!

"కెడిల్‌స్టన్‌ను కర్జన్ మన సొమ్ముతో కట్టుకున్నాడు"

ఇదీ నిలవదు. కర్జన్ వంశీకుల పూర్వీకులు నార్మండీ నుంచి వచ్చారు. 12వ శతాబ్దం నుంచీ ఆ ఊరు వాళ్లదే. ఇప్పుడున్న ఇల్లు కట్టించింది సర్ నథానియెల్ కర్జన్. 1758లో ఆస్తి చేతికి రాగానే, ముందున్న ఎర్ర ఇటుకల ఇంటిని కూల్చే పనిలో పడ్డాడు. 1759లో కొత్త ఇల్లు మొదలైంది. వాస్తుశిల్పులు మాథ్యూ బ్రెటింగ్‌హామ్, జేమ్స్ పెయిన్ చేతులు దాటి పని రాబర్ట్ ఆడమ్‌కు వచ్చింది. లోపల మార్బుల్ హాల్లో 20 పెద్ద అలబాస్టర్ రాతి స్తంభాలు నిలబెట్టారు. కలకత్తా భవనం మాత్రం ఇటుక, సున్నం.

ఖర్చు ఎక్కడిది? ముఖ్యంగా భూముల మీద వచ్చే కౌలు. కంపెనీకి బెంగాల్ దివానీ, అంటే అక్కడ పన్ను వసూలు చేసుకునే హక్కు, దక్కింది 1765లో. అప్పటికే ఈ ఇల్లు చాలావరకు లేచింది. బాధపడినవాళ్లు ఎవరైనా ఉంటే ముందు అక్కడి రైతులే. పార్కుకు అడ్డంగా ఉందని పాత ఊరినే అక్కడి నుంచి జరిపేశారు. చర్చి ఒక్కటే మిగిలింది, ఇప్పటికీ ఇంటి పక్కనే ఉంది.

పైగా, వైస్రాయ్‌గా ఉన్న రోజుల్లో కర్జన్ ఆ ఇంటికి యజమానే కాదు. తండ్రి 1916 దాకా బతికి ఉన్నాడు. కర్జన్ మన దేశం వదిలింది 1905లో. పదకొండేళ్ల తర్వాత గానీ ఇల్లు చేతికి రాలేదు.

అంతమాత్రాన కర్జన్ చేతులు శుభ్రమని నేను అనడం లేదు. ప్రయాణాల్లో సేకరించినవీ, వైస్రాయ్‌గా అందుకున్నవీ ఆ ఇంట్లో ఒక మ్యూజియంగా ఉన్నాయి. వైస్రాయ్‌కి కానుక ఇవ్వను అనగలిగిన సంస్థానాధీశులు ఎంతమంది ఉంటారు? అడగాల్సిన ప్రశ్న అది. 1905లో బెంగాల్‌ను విడదీసింది ఆయనే. 1902లో ఏటా 25 లక్షల రూపాయలు ఇస్తామని చెప్పి, నిజాం మహబూబ్ అలీఖాన్ చేత బేరార్‌ను (ఇప్పుడు మహారాష్ట్రలో ఉన్న ప్రాంతం) శాశ్వత కౌలుకు రాయించుకుందీ ఆయనే. ఇన్ని నిజాలు ఉండగా అబద్ధం ఎందుకు?

"పచ్చలు పొదిగిన గౌను"

అందులో పచ్చలు లేవు. 1903 ఢిల్లీ దర్బారు వేడుకల్లో జరిగిన బాల్ డ్యాన్స్‌కు మేరీ కర్జన్ తొడుక్కున్నది నెమలి పింఛాల బొమ్మలు కుట్టిన గౌను. మన పనివాళ్లు బట్ట మీద వెండి, బంగారు పోగులతో జర్దోజీ కుట్టారు. దాన్ని పారిస్ పంపి, వర్త్ అనే దర్జీ దుకాణంలో గౌనుగా కుట్టించారు. పింఛం మీద పింఛం పొలుసుల్లా కప్పుకుని ఉంటాయి. ఒక్కో పింఛం కంటి దగ్గర పచ్చగా, నీలంగా మెరిసేది పురుగు రెక్క. మన పల్లెల్లో పిల్లలు అగ్గిపెట్టెలో దాచుకుని ఆడుకున్న జీరంగి గుర్తుందా? ఆ జాతి పురుగు రెక్క మీది గట్టి డొప్ప అది. లోహపు పోగులు ఇప్పుడు నల్లబడ్డాయి, ఆ రెక్కల రంగు మాత్రం పోలేదు. నాకైతే ఆ పచ్చల కన్నా, సూది పట్టుకుని ఒక్కో రెక్కనూ నిలబెట్టిన ఆ చేతులే గొప్ప.

"ఇంటికి ఆ కుటుంబమే యజమాని"

కాదు. వారసత్వ పన్నులు కట్టలేక 1987లో ఇంటిని, పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థకు అప్పగించారు. కుటుంబం ఒక పక్క భాగంలో ఉంటోంది. మిగతాది టికెట్ కొని ఎవరైనా చూడొచ్చు.

మెసేజ్ మళ్లీ పంపాలనుకుంటే ఫొటోలు అలాగే ఉంచండి. కలకత్తా ఫొటో కింద మాత్రం "వెల్లెస్లీ, 1799-1803" అని రాయండి. జాగా ఉంటే ఆ పక్కనే "దత్త మండలాలు, 1800" అని కూడా.