అనుభవానికి వెల కట్టిన మహానుభావులు

అమెరికా ఫుట్‌బాల్‌లో పేరుమోసిన క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి జట్టు దాడిని నడిపే ఆటగాడు) కోసం డ్రాఫ్ట్ పిక్‌లను, అంటే కళాశాల కుర్రవాళ్ళను వంతులవారీగా ఎంచుకొని చౌక జీతానికి ఆడించుకొనే హక్కులను, ధారపోయవచ్చునా అని ఎవరైనా సందేహిస్తే, మ్యాథ్యూ స్టాఫర్డ్ పేరు చెప్పి నోరు మూయించే పెద్దమనుషులకు కొదవ లేదు. 2021లో లాస్ ఏంజెలెస్ రామ్స్ రెండు మొదటి రౌండు పిక్‌లతో సహా చాలా ఇచ్చి అతణ్ణి తెచ్చుకొన్న మాటా, ఆ సీజన్‌లోనే లీగ్ ఛాంపియన్‌ను తేల్చే సూపర్ బౌల్ గెలిచిన మాటా నిజమే. ఆరన్ డొనాల్డ్, కూపర్ కప్ వంటి మేటి ఆటగాళ్ళు అప్పటికే ఆ జట్టులో ఉన్నారన్న సంగతి మాత్రం ఈ పెద్దమనుషులకు ఎన్నడూ గుర్తు రాదు.

ఆ స్ఫూర్తితోనే కాబోలు, 2022 మార్చిలో డెన్వర్ బ్రాంకోస్ వారు క్వార్టర్‌బ్యాక్ రసెల్ విల్సన్ కోసం సియాటిల్‌కు రెండు మొదటి రౌండు పిక్‌లు, రెండు రెండో రౌండు పిక్‌లు, ఒక అయిదో రౌండు పిక్, ముగ్గురు ఆటగాళ్ళను సమర్పించుకొన్నారు. అతడు తమ తరఫున ఒక్క లీగ్ మ్యాచ్ ఆడకముందే మరో అయిదేళ్ళకు 24.5 కోట్ల డాలర్ల ఒప్పందం రాసిచ్చారు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

ఆ అక్టోబరులో జట్టు విమానమెక్కి లండన్ వెళ్ళింది. ఎనిమిది గంటల ప్రయాణంలో అందరూ నిద్రపోతుంటే తాను నాలుగు గంటలు సీట్ల నడుమ దారిలో మోకాళ్ళెత్తుతూ వ్యాయామం చేశానని విల్సనే విలేకరులకు సెలవిచ్చాడు. అట్లాంటిక్ మీద, చీకట్లో, భారీకాయుల గురకల మధ్య సాగిన ఆ పాదయాత్రను పాఠకులు భక్తితో ఊహించుకోవాలి. కుడి మోకాలు లేస్తే 2022 మొదటి రౌండు. ఎడమ మోకాలు లేస్తే 2023 మొదటి రౌండు. వెనుదిరిగితే రెండో రౌండ్లు రెండూ. మంచినీళ్ళకు ఆగితే అయిదో రౌండు. ఎదురుగా భోజనాల బండి వస్తే ఎవరు ఎవరికి దారి ఇచ్చారో చరిత్రకారులే తేల్చాలి. జట్టు 5 విజయాలు, 12 ఓటములతో సీజన్ ముగించింది. కోచ్‌ను అంతకుముందే సాగనంపారు. లోపం మోకాళ్ళలో లేదని మాత్రం ఒప్పుకొనక తప్పదు.

ఈ బేరంలో లాభం లేదని ఎవరనగలరు? సియాటిల్ ఆ పిక్‌లతో చార్లెస్ క్రాస్, డెవన్ విదర్‌స్పూన్ అనే కుర్ర ఆటగాళ్ళను తెచ్చుకొంది. 2024లో డెన్వర్ విల్సన్‌ను వదిలేసి 8.5 కోట్ల డాలర్ల భారాన్ని రెండేళ్ళ జీతాల పద్దులో మోసింది. పిట్స్‌బర్గ్ అతణ్ణి సుమారు 12 లక్షల డాలర్ల కనీస జీతానికి ఆడించుకొంటే, మిగతా జీతం డెన్వరే చెల్లించింది.

ఇంతవరకు నవ్వవచ్చు. క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ దగ్గర నవ్వు రాదు. హ్యూస్టన్ క్వార్టర్‌బ్యాక్ డెషాన్ వాట్సన్ మీద 20 మందికి పైగా మహిళలు లైంగిక దుష్ప్రవర్తన ఆరోపణలతో సివిల్ దావాలు వేశారు, అతడు కాదన్నాడు, నేరాభియోగం మోపాలా వద్దా అని తేల్చే గ్రాండ్ జ్యూరీ అభియోగం మోపలేదన్న వార్త వచ్చిన కొద్ది రోజులకే జట్లు వరుస కట్టాయి. క్లీవ్‌లాండ్ హ్యూస్టన్‌కు మూడు మొదటి రౌండు పిక్‌లు ఇచ్చి, 23 కోట్ల డాలర్లకు పూర్తి హామీ రాసింది. మొదటి ఏడాది మూల వేతనం సుమారు 10 లక్షల డాలర్లే పెట్టారు కనుక, 11 మ్యాచ్‌ల సస్పెన్షన్ పడినప్పుడు కోత ఆ చిన్న మొత్తం మీదనే పడింది. ఫిర్యాదు చేసిన ఆడవాళ్ళు ఈ లెక్కల్లో ఏ రౌండులో ఉన్నారయ్యా? శిక్ష పడకముందే దాని బరువు తగ్గేలా ఒప్పందం కుదుర్చుకోవడాన్ని వ్యూహమని మెచ్చుకొన్నవాళ్ళకు సిగ్గు ఉండనక్కరలేదా?

2023లో వాట్సన్ భుజానికి గాయమైతే, ఏ జట్టూ లేక ఖాళీగా ఉన్న 38 ఏళ్ళ క్వార్టర్‌బ్యాక్ జో ఫ్లాకోను ఒక్క పిక్ కూడా ఇవ్వకుండా పిలిపించుకొని ఆ జట్టు ప్లేఆఫ్‌లకు వెళ్ళింది. అక్కడ ఎదురైనది పిక్‌లు పుచ్చుకొన్న హ్యూస్టనే. క్లీవ్‌లాండ్ ఇచ్చిన ఒక పిక్‌ను మారకం వేసి తెచ్చుకొన్న విల్ ఆండర్సన్ ఆ జట్టులోనే ఉన్నాడు. హ్యూస్టన్ 45, క్లీవ్‌లాండ్ 14.